రమ్మీలో ఎదుటివాళ్ల చేతిలో ఏముందో కనిపెట్టడం ఎలా?

పెద్ద పండగ దగ్గర పడిందంటే నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "నేను ఏ ముక్క కోసం చూస్తున్నానో నీకెలా తెలిసిపోతుంది?" కనుమ నాడు విజయనగరం వచ్చే చుట్టాలు అడుగుతారు. చీపురుపల్లిలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి మరీ అడుగుతాడు. బొబ్బిలి నుంచి వచ్చే మా అప్ప ప్రతి ఏడాదీ అడుగుతుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్తుంటే సగం మర్చిపోతున్నాను, అందుకే వరసగా రాసి పెడుతున్నాను.

నేను మొహాలు చూసి చెప్తానని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. చీకటి పడితే చేసే పని ఉండేది కాదు. లాంతరు చుట్టూ చేరి పదమూడు ముక్కలాట, అంటే ఈ రమ్మీయే, ఆడేవాళ్లం. ఆ వెలుగులో మనుషుల మొహాలు సరిగ్గా కనబడవు, మధ్యలో పడే ముక్క ఒక్కటే కనబడుతుంది. చూడటానికి ఇంకేమీ లేదు కాబట్టి దాన్నే చూశాను. కొన్ని రాత్రులు గడిచేసరికి మా బావ చేతిలో సగం ముక్కలు చెప్పగలిగాను. ఇప్పుడు మీకు చెప్పబోయేది అప్పుడు నేర్చుకున్నదే.

పోకర్‌లో ఎదుటివాళ్లు ఎప్పుడు పందెం పెంచారు, ఎప్పుడు ఊరుకున్నారు అన్నదాన్ని బట్టి చేతిలో ఏముందో ఊహిస్తారు. మన రమ్మీలో పందెం ఆ పని చేయదు. ఇక్కడ మనిషి మూడు పనులు చేస్తాడు: ముక్క ఎత్తుతాడు, ముక్క వదిలేస్తాడు, ముక్క వేస్తాడు. ఈ మూడింట్లోనే అంతా బయటపడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది, అది మనకి బాగా కలిసొస్తుంది. పోకర్‌లో మధ్యలో తప్పుకున్నవాళ్ల ముక్కలు సాధారణంగా ఎవరికీ చూపించరు, అందుకే మన ఊహ తప్పో ఒప్పో చాలాసార్లు తేలదు. రమ్మీలో షో అయ్యాక, అంటే ఒకరు ముక్కలన్నీ కుదిరాయని చూపించి ఆట ముగించాక, లెక్క కోసం మిగతావాళ్లు కూడా ముక్కలు పరవాల్సిందే. అంటే ప్రతి ఆటకీ జవాబు అక్కడే దొరుకుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వేయాలో తెలియాలి అన్నదే అందుకు చూపించిన కారణం. ఈ రాసినదంతా ఆ రెండు పనుల గురించే. అంతమాత్రాన డబ్బు పెట్టి ఆడమని నేను చెప్పను. మన రాష్ట్రం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం మాట పక్కన పెట్టినా, డబ్బు పెట్టిన చోట నేర్చుకోవడం కుదరదు. మనసు పోయినదాని మీద ఉంటుంది, పడిన ముక్క మీద ఉండదు.

కావలసినవి

- రెండు పేకలు, పేకకి ఒక జోకరు చొప్పున. మొత్తం 106 ముక్కలు ఉండాలి. ఆట మొదలుపెట్టే ముందు లెక్కపెట్టండి. ఒక్క ముక్క తక్కువైనా కింద చెప్పే లెక్కలు తప్పుతాయి.
- నలుగురు మనుషులు. నేర్చుకోవడానికి ఇదే సరైన సంఖ్య.
- మొదటి పది పదిహేను ఆటలకి కాగితం, పెన్ను. పక్కవాళ్లకి ముందే చెప్పి రాసుకోండి.
- గిన్నెడు చింతపిక్కలు. ఎందుకో చివర్లో చెప్తాను. పలాస వైపు ఇళ్లలో జీడిపిక్కలు చేతికి అందుతాయి గానీ అవి వాడకండి. పైపెంకులో ఉండే జీడి చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలు నోట్లో పెట్టుకుంటే మరీ ప్రమాదం.
- వెనక బీరువా అద్దం లేని చోటు. ఎవరి ముక్కలూ అద్దంలో కనబడకూడదు. తొంగి చూసి తెలుసుకున్నది ఆట కాదు.

ఆట మీకు వచ్చనే అనుకుంటున్నాను. మాటల దగ్గర తికమక రాకుండా రెండు ముక్కలు చెప్తాను. రంగు అంటే ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమండు. ఒకే రంగులో వరసగా వచ్చే మూడు నాలుగు ముక్కలు సీక్వెన్స్, వేరే వేరే రంగుల్లో ఒకే అంకె ముక్కలు సెట్, రెండింటినీ కలిపి గుత్తి అంటాను. జోకరు లేకుండా కుదిరిన సీక్వెన్స్‌ని మా ఇంట్లో ఒరిజినల్ అంటాం, కొన్ని ఊళ్లలో లైఫ్ అంటారు. పేకలోంచి కోసి కింద పెట్టేది కట్ జోకరు, ఆ అంకె ముక్కలన్నీ ఏ ముక్కకి బదులైనా పనికొస్తాయి. మధ్యలో ముక్కలు వేసే చోటు ఓపెన్. మేం 101 ఆడతాం, అంటే కుదరని ముక్కల పాయింట్లు కలుపుకుంటూ పోతే 101 చేరినవాళ్లు అవుట్: మొదట్లోనే డ్రాప్ అయితే (ఆ ఆట వదిలేస్తే) 20, మధ్యలో డ్రాప్ అయితే 40, ఫుల్ కౌంట్ (ఒక ఆటలో పడే గరిష్ఠం) 80.

1. మీ ముక్కలు తొందరగా సర్దుకుని తల ఎత్తండి

చాలామందికి ఇక్కడే దెబ్బ పడుతుంది. పంచడం అయిన దగ్గర నుంచి షో దాకా కళ్లు సొంత ముక్కల మీదే ఉంటాయి. ఎదుటాయన ఏం ఎత్తాడని అడిగితే "చూడలేదు" అంటారు. రంగుల వారీగా పేర్చుకోండి, ఒరిజినల్ ఎక్కడ కుదరొచ్చో చూసుకోండి, తర్వాత మీ వంతు వచ్చినప్పుడే మళ్లీ చూసుకోండి. మీ వంతు కాని సమయమంతా బల్ల మీద జరిగేది చూడటానికే.

ఒక జాగ్రత్త. ముక్కల్ని గుత్తులుగా విడదీసి, మధ్యలో ఖాళీలు వదిలి పట్టుకోకండి. మీకు ఎన్ని గుత్తులు కుదిరాయో ఎదుటివాళ్లకి చెప్పినట్టవుతుంది. మిగతావాళ్లు అలా పట్టుకుంటే మీరు గమనించవచ్చు, అందులో తప్పేమీ లేదు.

2. మొదట ఒక్కరినే చూడండి

నలుగురినీ ఒకేసారి చూడాలనుకుంటే ఎవరూ కనబడరు. మీ తర్వాత ఆడే మనిషిని పట్టుకోండి. మీరు వేసే ముక్క ఎత్తుకోగలిగేది ఆ మనిషే. ఆయనకి ఏం కావాలో తెలిస్తే ఏది వేయకూడదో తెలుస్తుంది. అది అలవాటయ్యాక మీ ముందు ఆడే మనిషిని చూడండి, ఎందుకంటే మీకు ముక్క వచ్చేది అక్కణ్ణుంచే. ఎదురుగా కూర్చున్న మనిషి సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

3. ఓపెన్‌లో ఏం ఎత్తారో రాసుకోండి

పేకలోంచి తీసిన ముక్క ఎవరికీ కనబడదు. ఓపెన్‌లో ఎత్తిన ముక్క అందరూ చూస్తుండగా చేతిలోకి వెళ్తుంది. ఒక మనిషి తన అవసరాన్ని పైకి ఒప్పుకునేది ఆ ఒక్కసారే.

ఇస్పేటు 8 ఎత్తారనుకోండి. జోకరు లేకుండా చూస్తే చేతిలో ఉండే అవకాశాలు ఇవి:

- ఇస్పేటు 6, 7
- ఇస్పేటు 7, 9
- ఇస్పేటు 9, 10
- వేరే రంగుల్లో రెండు 8లు
- ముందే కుదిరిన 5-6-7కో 9-10-జాకీకో నాలుగో ముక్కగా

చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. పదమూడు ముక్కలంటే మూడు, మూడు, మూడు, నాలుగు. ఎక్కడో ఒకచోట నాలుగు ముక్కల గుత్తి కావాలి. ఆట సగం దాటాక ఓపెన్‌లో ఎత్తితే ఈ నాలుగో ముక్క కోసమే అయ్యే అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు చెప్తాను. ఇస్పేటు 8 ఎత్తారు కాబట్టి ఇస్పేటు 6, 7, 9, 10 అన్నీ చేతిలో దాచుకుని కూర్చుంటారు. ఎత్తిన మనిషి ఆటగాడైతే ఆ 8తో ఒక గుత్తి పూర్తయిపోయి ఉంటుంది. అంటే అక్కడ ఆకలి తీరింది, ఆకలి ఇంకెక్కడో ఉంది. మీరు నాలుగు ముక్కలు దాచుకుని మీ ఆట పాడు చేసుకుంటున్నారు.

కొత్తవాళ్లు అలా ఆడరు. చేతిలో 7 ఒక్కటే ఉన్నా జత కుదిరిందని 8 ఎత్తేస్తారు. వాళ్లకి మీరు 6 గానీ 9 గానీ ఇస్తే చేతులారా ఒరిజినల్ చేసిపెట్టినట్టే. అందుకని ఎత్తింది ఎవరో ముందు చూసుకోండి. పాతవాళ్లు ఎత్తితే ఆ చుట్టుపక్కల భయం కొంత తగ్గుతుంది, కొత్తవాళ్లు ఎత్తితే పెరుగుతుంది. మనిషి కొత్తో పాతో తెలియకపోతే ఎత్తిన వెంటనే ఏం వేశారో చూడండి. సూటిగా పనికిరాని పెద్ద ముక్క వేస్తే గుత్తి కుదిరింది. ఏది వేయాలో తోచక అటూ ఇటూ మారుస్తూ చివరికి మధ్య ముక్క వేస్తే ఇంకా కుదరలేదు.

4. ఏం వదిలేశారో కూడా రాసుకోండి

నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఎవరూ పట్టించుకోనిది కూడా ఇదే.

మీరు ఆఠీను 9 వేశారు. మీ తర్వాతి మనిషి దాన్ని వదిలేసి పేకలోంచి తీశారు. ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. కానీ ఆ మనిషి దగ్గర ఆఠీను 7-8 గానీ, 8-10 గానీ, 10-జాకీ గానీ, వేరే రంగుల్లో రెండు 9లు గానీ ఉంటే దాదాపు తప్పకుండా ఎత్తుకునేవారు. ఎత్తలేదంటే ఆ నాలుగూ లేవనుకోవచ్చు.

దీంతో రెండు లాభాలు. ఒకటి, ఆఠీను 9 ఇంకోటి వస్తే నిశ్చింతగా వేయొచ్చు. రెండు పేకలు కాబట్టి ప్రతి ముక్కా రెండుసార్లు ఉంటుందని మర్చిపోకండి. రెండు, ఆఠీను 8 వేయడానికి కూడా భయం తగ్గింది. తగ్గింది అన్నానే గానీ పోయిందని అనలేదు. ఆఠీను 6-7 ఉండొచ్చు, రెండు 8లు ఉండొచ్చు.

హెచ్చరిక: ఈ సమాచారం రెండు మూడు రౌండ్లే పనికొస్తుంది. ఆ మనిషి ప్రతి వంతులో ఒక కొత్త ముక్క తీస్తున్నారు. మొదటి రౌండులో వదిలేశారు కదా అని ఎనిమిదో రౌండులో అదే ముక్క ధైర్యంగా వేసి దెబ్బతిన్నవాళ్లని చాలామందిని చూశాను.

5. వేసిన ముక్కల వరస చూడండి

ఒక్కో ముక్కగా చూస్తే అర్థం కాదు, వరసగా చూడాలి. రాజు, రాణి, జాకీ, ఆసు ఒక్కోటి పది పాయింట్లు. పైగా రాజు రెండు రకాల సీక్వెన్స్‌లలోనే కుదురుతుంది, 7 అయితే మూడింట్లో కుదురుతుంది. అందుకే మొదటి రెండు మూడు వంతుల్లో జత లేని పెద్ద ముక్కలు పడటం మామూలే. అందులో చదవడానికి ఏమీ లేదు.

మామూలు తప్పినప్పుడే చెవులు రిక్కించండి. మొదటి వంతులోనే 6 గానీ 7 గానీ వేశారంటే పెద్ద ముక్కలతో ఏదో కుదిరి ఉండాలి, లేదా అదే ముక్క రెండోది కూడా చేతిలో ఉండి ఒకటి దండగై ఉండాలి. ఆ రెండో సంగతి బాగా గుర్తుంచుకోండి. ఇస్పేటు 8 వేశారు కాబట్టి ఇస్పేటు 8 అక్కర్లేదని అనుకోవడానికి లేదు, ఇంకో ఇస్పేటు 8 గుత్తిలో కూర్చుని ఉండొచ్చు.

పక్కపక్క ముక్కలు పడితే మంచి గుర్తు. కళావరు 5 వేసి, రెండు వంతుల తర్వాత కళావరు 6 వేశారనుకోండి. 5-6 పెట్టుకుని చూసి చూసి ఆశ వదులుకున్నారు. ఇక కళావరు 4, 7 ఆ మనిషికి దాదాపు అక్కర్లేదు, మీకు అక్కర్లేకపోతే వేసేయండి.

ఎర వేసేవాళ్లు కూడా ఉంటారు. ఇస్పేటు 6, 8 చేతిలో పెట్టుకుని 7 కోసం చూస్తున్న మనిషి, తన దగ్గరున్న ఆఠీను 7 వేస్తారు. ఓహో, ఏడులు అక్కర్లేదన్నమాట అనుకుని మీరు ఇస్పేటు 7 వేస్తారు. అందుకని వేసిన ముక్కని బట్టి ధైర్యం తెచ్చుకునేది ఆ రంగు వరకే. పక్క రంగుకి ఆ ధైర్యం పనికిరాదు. అంతవరకూ పెద్ద ముక్కలు వేస్తూ వచ్చిన పాత ఆటగాడు ఉన్నట్టుండి మధ్య ముక్క ఒకటి వేస్తే, ఒక వంతు ఆగి చూడండి.

6. వేసిన ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి

పేకలోంచి తీసిన ముక్కనే వెంటనే వేశారా, లేక దాన్ని చేతిలో పెట్టుకుని వేరేది వేశారా? దీన్ని చూడటానికి తెలివితేటలతో పని లేదు, చూపు చాలు. తీసింది తీసినట్టే మూడుసార్లు వరసగా వేశారంటే ఆ చెయ్యి కుదిరిపోయింది, ఒక్క ముక్క కోసం చూస్తున్నారు. దానికి తోడు 2, 3 లాంటి చిన్న ముక్కలు కూడా పడుతుంటే షో దగ్గర పడిందనే అర్థం.

చేతులు వణకడం, టెన్షన్ పడటం, తొందరగా ఆడటం లాంటివి నేను లెక్కలోకి తీసుకోను. మా చిన్నాన్న మంచి ముక్కలొచ్చినా నిట్టూరుస్తారు, చెడ్డ ముక్కలొచ్చినా నిట్టూరుస్తారు.

7. జోకర్లు లెక్కపెట్టండి

కట్ జోకరు అంకె గల ముక్కలు ఎనిమిది. ఒకటి పేక కింద ఉంది, మిగిలినవి ఏడు. జోకరు బొమ్మ ఉన్నవి రెండు. మొత్తం తొమ్మిది. నలుగురికి పంచిన 52 ముక్కల్లో సగటున మనిషికి ఒకటి, కాస్త ఎక్కువగా, వస్తుంది. మీ చేతిలోనే మూడు ఉంటే మిగతా ముగ్గురూ జోకర్లకి ముఖం వాచి ఉంటారు, తొందరపడక్కర్లేదు. మీకు ఒక్కటీ లేక ఒరిజినల్ ఆశ కూడా లేకపోతే మొదట్లోనే 20కి డ్రాప్ అవడం మంచిది.

8. ఊహని ఒక వాక్యంగా చెప్పుకుని, దాన్ని బట్టి ఆడండి

"ఇస్పేటుల్లో ఏదో ఉంది" అనేది ఊహ కాదు. "ఇస్పేటు 7-8-9 ఉంది, లేదా తొమ్మిదుల సెట్ ఉంది" అనేది ఊహ. రెండు మూడు అవకాశాలుగా చెప్పుకోండి, తర్వాత పడే ప్రతి ముక్కతో ఒక్కోటి కొట్టేసుకుంటూ రండి.

ఊహ కుదిరాక చేసే పనులు మూడే. ప్రమాదమైన ముక్క ఆపడం మొదటిది. చేతిలో పెద్ద ముక్కలు దించుకుని పాయింట్లు తగ్గించుకోవడం రెండోది. మధ్యలో డ్రాప్ అవడం మూడోది. మీకు ఒరిజినల్ కుదిరి, కుదరని ముక్కలు 40 పాయింట్ల కంటే తక్కువ ఉంటే డ్రాప్ అవకండి, ఆడండి. ఆట సగానికి వచ్చినా ఒరిజినల్ లేదు, ఎదుటాయన తీసింది తీసినట్టు వేస్తున్నారు అంటే 40 ఇచ్చి లేవండి. ఒరిజినల్ లేనివాళ్లకి షో పడితే కుదిరిన గుత్తులు కూడా లెక్కలోకి వస్తాయి, 80 దాకా పోతుంది.

ఒక ఆట మొత్తం

మొన్న పండక్కి ఆడిన ఆట ఇది. వరస: నేను, నా తర్వాత బావ, ఆయన తర్వాత చిన్నాన్న, చివర అప్ప. కట్ జోకరు కళావరు 4.

మొదటి వంతు: నేను ఆఠీను రాజు వేశాను. బావ వదిలేశాడు, ఇస్పేటు రాణి వేశాడు.

రెండో వంతు: నేను కళావరు జాకీ వేశాను. వదిలేశాడు, డైమండు రాజు వేశాడు.

మూడో వంతు: నేను ఇస్పేటు 9 వేశాను. ఎత్తాడు. ఎత్తి ఇస్పేటు జాకీ వేశాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాను. బావ చేతిలో ఇస్పేటు 10 ఉండి ఉంటే 9-10-జాకీ కుదిరేది, జాకీ వేసేవాడు కాదు. కాబట్టి 10 లేదు. అంటే 8-9-10 కాదు. మిగిలినవి రెండే: ఇస్పేటు 7-8-9, లేదా తొమ్మిదుల సెట్. నా చేతిలో ఇస్పేటు 6, డైమండు 9 రెండూ దండగ్గా ఉన్నాయి. 7-8-9 అయితే 6 ప్రమాదం, సెట్ అయితే 9 ప్రమాదం. రెండూ ఆపి డైమండు రాణి వేశాను. వదిలేశాడు.

ఐదో వంతులో బావ చేతిలోంచి ఆఠీను 9 తీసి వేశాడు. తొమ్మిదుల సెట్ ఉన్నవాడు నాలుగో తొమ్మిదిని ఎందుకు వేస్తాడు? సెట్ కొట్టేశాను. ఇస్పేటు 7-8-9 అని ఖాయం చేసుకున్నాను. జోకరు అక్కర్లేని సీక్వెన్స్, అంటే ఒరిజినల్ అయిపోయింది.

ఆరు, ఏడు వంతుల్లో తీసింది తీసినట్టే వేశాడు. మూడోసారి దాకా ఆగకుండా, నా చేతిలో మిగిలిన రాజు, రాణి రెండూ ఆ రెండు వంతుల్లో దించేశాను. ఎనిమిదో వంతులో బావ పేకలోంచి ఆఠీను 8 తీసి షో చేశాడు. నా దగ్గర ఇస్పేటు 6, డైమండు 9 మాత్రమే మిగిలాయి, 15 పాయింట్లు.

ముక్కలు పరిచాక చూస్తే ఇస్పేటు 7-8-9 ఉంది. ఆఠీను 5-6-7 ఉంది, దానికి 8 కలిసి నాలుగు ముక్కలైంది. డైమండు 2-3 జోకరుతో ఉంది. మూడు పదులు సెట్‌గా ఉన్నాయి. ఆ పదులు నా ఊహలోకి రాలేదు. పెద్ద ముక్కలన్నీ వేసేస్తున్నాడు కాబట్టి పదులు కూడా ఉండవని అనుకున్నాను, అది నా తప్పు. కానీ ఒకటి గమనించండి. అన్ని గుత్తులూ కుదిరి, బావ చూస్తున్నది ఒక్క నాలుగో ముక్క కోసమే. ఐదో వంతులోనో ఆరో వంతులోనో నేను ఇస్పేటు 6 వేసి ఉంటే అప్పుడే షో అయ్యేది, నా చేతిలో ఇంకో 20 పాయింట్లు ఉండగా. సగం ఊహే నిజమైంది, ఆ సగమే ఆ దెబ్బ నుంచి కాపాడింది.

సరిచూసుకోవడం ఎలా

చింతపిక్కలు ఇప్పుడు తీయండి. షో అన్నాక, ఎవరూ ముక్కలు పరవకముందే మీ ఊహ కాగితం మీద రాయండి: "బావ దగ్గర ఫలానా మూడు ముక్కలు ఉన్నాయి." పరిచాక చూడండి. నిజమైన ప్రతి ముక్కకీ ఒక పిక్క ఒక గిన్నెలో, తప్పైన ప్రతి ముక్కకీ ఒక పిక్క ఇంకో గిన్నెలో వేయండి. ముందే రాయడం తప్పనిసరి. పరిచాక చూసి "నేను అనుకున్నాను" అనడం అందరికీ తేలికే, అలా అనుకున్నంత కాలం మీకు రాదు.

ఇరవై ఆటలయ్యాక రెండు గిన్నెలూ లెక్కపెట్టండి. మొదట్లో తప్పుల గిన్నే నిండుతుంది, కంగారు పడకండి. ఏ రకం తప్పు ఎక్కువ వస్తోందో కాగితాల్లో వెతకండి. సీక్వెన్స్‌లు పట్టుకుని సెట్‌లు వదిలేస్తుంటే ఎదుటాయన వదిలేసిన ముక్కల్ని మీరు సరిగ్గా చూడటం లేదు. చివరి రౌండ్లలో తప్పుతుంటే పాత సమాచారాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. మా అప్పకి ఈ రెండోదే ఉండేది. ఎత్తిన ముక్కల్ని బాగా గుర్తుపెట్టుకునేది, వాటిని చివరిదాకా వదిలేది కాదు. రౌండు మారినప్పుడల్లా పాత ఊహని మళ్లీ ఒకసారి సరిచూసుకోమని చెప్పాక బాగుపడింది.

మరికొన్ని పొరపాట్లు

- మీకు కావలసిన ముక్క పడిపోయిందో లేదో చూసుకోకుండా దానికోసం కూర్చోవడం. కళావరు 5-6 పెట్టుకుంటే మీకు పనికొచ్చేవి 4లు రెండు, 7లు రెండు, మొత్తం నాలుగే. రెండు 7లూ పడిపోయి, ఒక 4ని ఎవరో ఎత్తుకుంటే మిగిలింది ఒక్కటి. వదిలేయండి.
- పడిన ముక్కల దొంతర తిరగేసి చూడాలనుకోవడం. ఆట మధ్యలో అది కుదరదు, గుర్తే పెట్టుకోవాలి.
- కష్టపడి చదివి, చదివినదాన్ని పైకి అనేయడం. "నీకు ఇస్పేటు 6 కావాలి కదూ?" అన్నారంటే అవునో కాదో పక్కవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఆట అయ్యాక ఎంతైనా మాట్లాడుకోండి.
- ఒకరు అనుకున్నట్టు ఆడకపోతే కోపం తెచ్చుకోవడం. ఓపెన్‌లో పడిన ప్రతి ముక్కనీ ఎత్తే పిల్లలు ఉంటారు. వాళ్లని చదవాలని చూడకండి, వాళ్లకి చిన్న మధ్య ముక్కలు ఇవ్వకుండా ఉంటే చాలు.

మనుషులు మారితే

ఇద్దరే ఆడుతుంటే పని తేలిక. మీరు వేసే ప్రతి ముక్కా ఆ ఒక్క మనిషికే వెళ్తుంది, ఆ మనిషి వేసే ప్రతి ముక్కా మీకే వస్తుంది. వదిలేసిన ముక్కల లెక్క చాలా గట్టిగా పనిచేస్తుంది. నేర్పించాలంటే పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి.

ఆరుగురు దాటితే మూడో పేక కలుపుతారు. అప్పుడు ప్రతి ముక్కా మూడుసార్లు ఉంటుంది. రెండు 7లు పడిపోయాయి కదా అని ఆశ వదులుకోనక్కర్లేదు, ఇంకోటి ఉంటుంది. కట్ జోకర్లు కూడా ఎనిమిది కాదు, పన్నెండు. మీ వంతు తిరిగి వచ్చేసరికి చాలా ముక్కలు పడతాయి కాబట్టి అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడకండి. మీ తర్వాతి మనిషి ఎత్తినవి, వదిలినవి, ఈ రెండే పట్టుకోండి.

కాగితం ఎప్పుడు మానేయాలని అడుగుతారు. ఒప్పుల గిన్నెలో పిక్కలు తప్పుల గిన్నెకి సమానమైన రోజున కాగితం పక్కన పెట్టి ఆడి చూడండి. మళ్లీ తప్పులు పెరిగితే ఇంకో పది ఆటలు రాసుకోండి.